క్రిస్మస్ నాటి ఆపరేషను: డాక్టర్ ఎఫ్రాయిము మెక్‌డోవెల్ జీవితము

ఈ సంచికలో మేము పరిచయము చేయబోయే వ్యక్తి మన బాప్టిస్టు సంఘస్థుడు కాదని ముందే మనవి చేస్తున్నాము. ఆయన ప్రెస్బిటేరియన్ కుటుంబములో పుట్టారు. జీవితపు చివరి సంవత్సరాలలో తన ఊరిలో ఎపిస్కోపల్ సంఘము స్థాపించినవారిలో ఒకరయ్యారు. వృత్తికి డాక్టరు. అమెరికా దేశములో, అప్పటికి అడవులు కూడా పూర్తిగా కొట్టని కెంటకీ ప్రాంతములో గుర్రము మీద తిరిగి వైద్యము చేసినవారు. ఆయన పేరు ఎఫ్రాయిము మెక్‌డోవెల్. స్త్రీల అండాశయములో పెరిగే పెద్ద గడ్డలను తీసే ఆపరేషను చరిత్ర ఆయనతోనే మొదలవుతుంది.

ఈ విషయము ఎత్తడానికి మన స్త్రీల సమాజాలలో ఇంకా సిగ్గు పడుతున్నారు. కడుపు ఎత్తుగా కనబడితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని చీర కుచ్చిళ్ళు సర్దుకుని నెలలు గడిపేవారు ఉన్నారు. గ్యాసు అనీ, ఒళ్ళు చేసిందనీ సరిపెట్టుకునేవారు ఉన్నారు. అందుకే ఈ డాక్టరు జీవితమును, ఆయనను నమ్మి ప్రాణము అప్పగించిన ఒక తల్లి సంగతిని కలిపి రాస్తున్నాము.

ఎఫ్రాయిము 1771 నవంబరు 11న వర్జీనియా రాష్ట్రములోని రాక్‌బ్రిడ్జ్ కౌంటీలో పుట్టారు. ఇంట్లో ఆయన తొమ్మిదవ బిడ్డ. యోసేపు రెండవ కుమారుని పేరు పెట్టారు. తండ్రి శామ్యూల్ మెక్‌డోవెల్ యుద్ధాలలో పనిచేసినవారు, తరువాత న్యాయాధిపతి అయ్యారు. 1784లో తండ్రికి భూముల కమిషనరు ఉద్యోగము వచ్చి కుటుంబమంతా కొండలు దాటి కెంటకీలోని డాన్‌విల్ అనే ఊరికి వలస వెళ్ళింది. అప్పుడు ఎఫ్రాయిముకు పన్నెండేళ్ళు. కెంటకీ అప్పటికి ప్రత్యేక రాష్ట్రము కూడా కాలేదు. దానిని రాష్ట్రముగా చేయడానికి జరిగిన సభలకు ఈ శామ్యూల్ గారే అధ్యక్షత వహించారు. 1792లో రాష్ట్రము ఏర్పడింది. బ్రతుకు తెరువుకు కొత్త సీమకు వెళ్ళిన కుటుంబములో పిల్లలు ఎలా పెరుగుతారో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజులలో డాక్టరు కావాలంటే కాలేజీలో చేరడము తప్పనిసరి కాదు. పేరున్న ఒక వైద్యుని ఇంట్లో ఉండి, మందులు నూరుతూ, కట్లు కడుతూ, ఆయన వెంట తిరుగుతూ నేర్చుకునేవారు. ఎఫ్రాయిము వర్జీనియాలోని స్టాంటన్ పట్టణములో డాక్టర్ హంఫ్రీస్ దగ్గర అలా శిష్యరికము చేశారు. తరువాత సముద్రము దాటి 1793లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ విశ్వవిద్యాలయపు పాఠాలతోపాటు జాన్ బెల్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని దగ్గర విడిగా పాఠాలు విన్నారు. చదువు ముగించి డిగ్రీ పుచ్చుకోకుండానే 1795లో డాన్‌విల్‌కు తిరిగి వచ్చారు. ఆయన పేరు పక్కన చాలాకాలము పట్టా లేదు. 1825లో మేరీలాండ్ విశ్వవిద్యాలయము గౌరవ పట్టా ఇచ్చేటప్పటికి ఆయన ప్రపంచములో ఎవరూ చేయని పని చేసి పదహారేళ్ళు కావస్తోంది.

ఊరిలో ఆయనకు త్వరలోనే మంచి పేరు వచ్చింది. 1802లో కెంటకీ మొదటి గవర్నరు ఐజాక్ షెల్బీ కుమార్తె శారాను వివాహము చేసుకున్నారు. అరవై డెబ్భై మైళ్ళ దూరము నుండి కూడా పిలుపులు వచ్చేవి. రోడ్లు లేవు. గుర్రము మీద వెళ్ళడము, రోగి ఇంటనే బస చేయడము, తిరిగి రావడము.

1809 డిసెంబరులో అటువంటి పిలుపు ఒకటి వచ్చింది. డాన్‌విల్‌కు 60 మైళ్ళ దూరములో, గ్రీన్స్‌బర్గ్ దగ్గర థామస్ క్రాఫోర్డ్ అనే రైతు భార్య జేన్ ప్రసవించలేక బాధపడుతోందనీ, నెలలు దాటిపోయాయనీ, అక్కడి వైద్యులకు ఏమీ పాలుపోవడము లేదనీ కబురు. కవల పిల్లలేమోనని కూడా అనుకున్నారు. డిసెంబరు 13న మెక్‌డోవెల్ అక్కడికి చేరి ఆమెను పరీక్షించారు. గర్భసంచి ఖాళీగా ఉంది. బిడ్డ లేదు. కడుపంతా ఆక్రమించినది అండాశయములో పెరిగిన గడ్డ.

ఇక్కడ కొంచెము ఆగి, అండాశయపు గడ్డ అంటే ఏమిటో చెప్పుకోవాలి. గర్భసంచికి అటు ఒకటి ఇటు ఒకటి బాదంకాయ అంత ప్రమాణములో అండాశయాలుంటాయి. నెలనెలా అండము విడుదలయ్యేది వీటి నుండే. వీటిలో కొన్నిసార్లు నీటితోనో, జిగురువంటి పదార్థముతోనో నిండిన తిత్తి ఏర్పడుతుంది. దానినే డాక్టర్లు సిస్టు అంటారు, మనవాళ్ళు నీటిగడ్డ అంటారు. చాలావరకు చిన్నవిగా ఉండి వాటంతట అవే పోతాయి. కొన్ని మాత్రము పోవు. నొప్పి పెద్దగా లేకుండా నెలల తరబడి పెరుగుతూ పోతాయి. కడుపులో చోటుకు కొదువ లేదు గనుక పుచ్చకాయ అంత, అంతకంటే పెద్దగా కూడా పెరుగుతాయి. అప్పుడు ఆయాసము, రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండినట్లుండడము, మాటిమాటికి మూత్రము, కాళ్ళ వాపు మొదలవుతాయి. చేతులు, ముఖము చిక్కిపోయి కడుపు మాత్రము పెరుగుతుంది.

1809 నాటికి దీనికి చికిత్స లేదు. సూదివంటి గొట్టము గుచ్చి నీరు తీసేవారు, అది మళ్ళీ నిండేది. కడుపు కోసి తెరిస్తే లోపల చీము పట్టి రోగి చనిపోవడము ఖాయమని ఆనాటి గొప్ప గొప్ప వైద్యులందరి అభిప్రాయము. మత్తుమందు లేదు. క్రిములవలన పుండు కుళ్ళుతుందనే సంగతి ఎవరికీ తెలియదు.

మెక్‌డోవెల్ ఆ తల్లి దగ్గర ఏదీ దాచలేదు. ఇది కాన్పు కాదని, గడ్డ అని, ఇలాగే వదిలితే ప్రాణము పోతుందని చెప్పారు. ఇంత పెద్ద గడ్డను కోసి తీసినవారిని తాను చూడలేదని, విననూ లేదని, ఇది ప్రయోగమే అవుతుందని కూడా చెప్పారు. చేయించుకుంటానంటే డాన్‌విల్‌కు రావాలి, అక్కడైతే తాను ప్రయత్నిస్తానన్నారు. జేన్ ఒప్పుకుంది. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్ళు నిండబోతున్నాయి. ఇంట్లో పిల్లలున్నారు.

మా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఘట్టము ఆ సంభాషణే. పట్టా లేని డాక్టరు, ఒక రైతు ఇల్లాలు. ఆయన తనకు తెలిసినదీ తెలియనిదీ రెండూ ఆమె ముందు పెట్టారు. నిర్ణయము ఆమెకు వదిలారు. రోగికి చెప్పకుండా భర్తను పక్కకు పిలిచి గుసగుసలాడే పద్ధతి మన ఆసుపత్రి వరండాలలో నేటికీ పూర్తిగా పోలేదు.

ఆమె గుర్రము ఎక్కింది. డిసెంబరు చలిలో 60 మైళ్ళు, అంటే దాదాపు 96 కిలోమీటర్లు, ఆ కడుపును జీను ముందు కొమ్ముకు ఆనించి కొన్ని రోజులు ప్రయాణము చేసింది. ఆ కొమ్ము రాపిడికి కడుపు చర్మము కమిలిపోయిందని డాక్టరు తరువాత తన వ్యాసములో రాశారు.

ఆపరేషను 1809 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, డాక్టరు ఇంట్లోనే జరిగింది. సహాయానికి ఆయన అన్న కుమారుడు డాక్టర్ జేమ్స్ మెక్‌డోవెల్ ఉన్నారు. బల్ల మీద పడుకోబెట్టి కడుపు ఎడమ వైపు 9 అంగుళాల పొడవున కోశారు. తెరవగానే ప్రేగులు బయటికి జారి బల్ల మీద పడ్డాయి. గడ్డ కడుపును ఎంతగా నింపేసిందంటే ఆపరేషను అయ్యేదాకా వాటిని లోపల పెట్టడానికి చోటు లేదు. గడ్డను ఉన్నది ఉన్నట్లు బయటికి తీయడమూ సాధ్యము కాలేదు. కనుక మొదట గర్భసంచి దగ్గర దాని తొడిమకు దారముతో గట్టిగా ముడి వేశారు. తరువాత గడ్డకు గాటు పెట్టి లోపలి జిగురు పదార్థమును బయటికి తీశారు. అది 15 పౌండ్లు తూగింది. ఆ తరువాత ఖాళీ అయిన తిత్తిని కోసి తీశారు. అది ఏడున్నర పౌండ్లు. మొత్తము 22.5 పౌండ్లు, అంటే పది కిలోల పైచిలుకు. పిమ్మట ఆమెను ఎడమ పక్కకు ఒత్తిగిలజేసి లోపల చేరిన రక్తము కారిపోనిచ్చి, ప్రేగులు లోపల సర్ది, కుట్లు వేశారు. తొడిమకు కట్టిన దారపు కొసను గాయము కింది చివర నుండి బయటికి వదిలారు. అంతా 25 నిమిషాలలో ముగిసింది.

ఆ 25 నిమిషాలు ఆమె మెలకువగానే ఉంది. నొప్పిని ఓర్చుకోవడానికి దావీదు కీర్తనలు వల్లించిందని, పాటలు పాడిందని కెంటకీలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆమె చనిపోతే డాక్టరును ఉరి తీయడానికి బయట జనము తాడు పట్టుకుని నిలబడ్డారనే కథ కూడా ఉంది. ఈ రెండవ కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. మాకూ నమ్మకము లేదు. ఊరంతా గౌరవించే డాక్టరు, మాజీ గవర్నరు అల్లుడు. అటువంటివారి ఇంటి ముందు క్రిస్మస్ నాడు తాడు పట్టుకుని ఎవరు నిలబడతారు? ఆ రోజు ధైర్యమంతా ఇంటి లోపలే ఉంది, బయట జనమును కల్పించి దానిని పెంచనవసరము లేదు.

అయిదవ రోజున డాక్టరు చూడబోతే ఆమె లేచి తన పక్క తానే సర్దుకుంటోంది. అంత తొందర పనికిరాదని ఆయన మందలించారు. 25 రోజుల తరువాత ఆమె ఆరోగ్యముతో ఇంటికి తిరిగి వెళ్ళింది.

ఈనాడు ఇదే గడ్డకు ఏమి చేస్తారో చూద్దాము. మెక్‌డోవెల్ చేసిన పని క్రమము గమనించండి. గడ్డను అలాగే లాగకుండా ముందు లోపలి పదార్థము తీసివేసి, కుంచించుకుపోయిన తిత్తిని తరువాత తీశారు. నేటి డాక్టర్లు చాలా పెద్ద నీటిగడ్డను చిన్న రంధ్రము గుండా తీసేటప్పుడు ఆధారపడేది కూడా ఈ ఉపాయము మీదనే. దీనిని లాప్రోస్కోపీ అంటారు. మనవాళ్ళు చాలామంది దీనిని లేజర్ ఆపరేషను అంటున్నారు గాని లేజరుకూ దీనికీ సంబంధము లేదు. బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు రంధ్రము చేసి, కార్బన్ డయాక్సైడు వాయువుతో కడుపును ఉబ్బించి, సన్నని గొట్టము చివరనున్న కెమెరాతో లోపలి భాగమును తెర మీద చూస్తారు. మరి రెండు మూడు చిన్న రంధ్రాల గుండా పనిముట్లు పంపి పని చేస్తారు.

చాలాకాలము పెద్ద గడ్డలకు ఈ పద్ధతి పనికిరాదనే అనుకున్నారు. కారణము తేలికగానే అర్థమవుతుంది. కడుపంతా గడ్డే ఉంటే మొదటి పనిముట్టు లోపలికి వెళ్ళగానే గడ్డకే గుచ్చుకుంటుంది. కెమెరా తిప్పడానికి చోటుండదు. ఇప్పుడు అనుభవమున్న డాక్టర్లు గుడ్డిగా గుచ్చకుండా చిన్న గాటు పెట్టి కళ్ళతో చూస్తూ లోపలికి ప్రవేశిస్తారు, లేదా ఎడమ పక్కటెముకల కింద గడ్డ లేని చోటు నుండి ప్రవేశిస్తారు. గడ్డకు సంచి వంటిది ఆనించి ఒక్క చుక్క కూడా కడుపులోకి ఒలకకుండా లోపలి ద్రవమును నెమ్మదిగా పీల్చి తీస్తారు. గాలి తీసిన బుడగలాగా అది ముడుచుకుపోతుంది. ఆ తరువాత తొడిమను కాల్చి లేదా కట్టి కోసి, తిత్తిని ప్లాస్టిక్ సంచిలో వేసి ఆ చిన్న రంధ్రము గుండానే బయటికి లాగుతారు. వయసులో ఉన్న స్త్రీకి వీలైతే గడ్డను మాత్రము ఒలిచి అండాశయమును కాపాడతారు. పది కిలోల గడ్డకు 9 అంగుళాల కోత అవసరము లేకుండా పోయింది. సాధారణముగా ఒకటి రెండు రోజులలో ఇంటికి పంపుతారు.

అయితే అందరికీ ఇదే మేలని మేము చెప్పడము లేదు. అసలు ప్రశ్న గడ్డ ఎంత పెద్దది అన్నది కాదు, అది కేన్సరా కాదా అన్నది. కేన్సరు గడ్డను గుచ్చి లోపలి ద్రవము కడుపులో ఒలికితే, అంతవరకు ఒక సంచిలో బంధించి ఉన్న రోగము బయటపడే అవకాశముంది. వైద్యుల లెక్కలో కూడా అది రోగపు దశను పెంచుతుంది. అందుచేత కత్తి పట్టకముందే స్కానింగులో తిత్తి పలుచగా నున్నగా ఉందా, లోపల గట్టి భాగాలున్నాయా, కడుపులో వేరే నీరు చేరిందా అని చూస్తారు. అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీస్తారు. సి.ఎ.125 అనే రక్తపరీక్ష చేస్తారు. ఆ అంకె పెరిగినంతమాత్రాన కేన్సరని గుండె పగలనక్కర లేదు. కడుపులో క్షయ ఉన్నా అది పెరుగుతుంది. అన్నీ చూసి అనుమానము మిగిలితే పెద్ద కోతతో గడ్డను పగలకుండా తీయడమే సరి. చిన్న రంధ్రము మీద మోజుతో డాక్టరును తొందర పెట్టకూడదు.

బెంగుళూరు, కోలారు, చెన్నై, బరంపురము, షోలాపూరు, ముంబయి పట్టణాలలో మన సహోదరీలకు ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆసుపత్రిలో మాట్లాడేది కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ. కూరగాయల బేరమాడటానికి ఆ భాష చాలు, కడుపులోని బాధ చెప్పుకోవడానికి చాలదు. కొడుకునో అల్లుణ్ణో దుబాసీగా పెట్టుకుని నెలసరి సంగతి చెప్పమంటే ఏ తల్లి చెబుతుంది? పూర్వము నెల్లూరు, ఒంగోలు, హనుమకొండలలో మన బాప్టిస్టు మిషను ఆసుపత్రులకు స్త్రీలు ధైర్యముగా వెళ్ళడానికి ఒక కారణము, అక్కడ దొరసాని డాక్టరు కూడా తెలుగులోనే పలకరించేది. ఇప్పుడు ప్రతి సంఘములోనూ నర్సులుగా పనిచేసే మన ఆడపిల్లలున్నారు. కూడా వెళ్ళి మాట సాయము చేయడము వారికి పెద్ద పని కాదు.

తిరిగి డాన్‌విల్‌కు వద్దాము. ఒక్క రోగి బ్రతికినంతలో మెక్‌డోవెల్ చాటింపు వేయలేదు. ఏడేళ్ళు మౌనముగా ఉన్నారు. ఆ మధ్యలో మరి రెండుసార్లు అదే ఆపరేషను చేసి, మూడు రోగుల వృత్తాంతము ఒక చిన్న వ్యాసముగా రాసి 1817లో ఫిలడెల్ఫియా వైద్య పత్రికలో ప్రకటించారు. 1819లో ఇంకా ఇద్దరి సంగతి రాశారు. మొత్తము అయిదుగురిలో నలుగురు బ్రతికారు. ఒకరు ఆపరేషను తరువాత కడుపులో వాపు వచ్చి చనిపోయారు.

ఈ అయిదుగురిలో జేన్ క్రాఫోర్డ్ ఒక్కతే తెల్లజాతి స్త్రీ. మిగిలిన నలుగురు నల్లజాతివారు. అది బానిసత్వము చెల్లుబాటయ్యే కాలము, కెంటకీ బానిసలున్న రాష్ట్రము. డాక్టరు ఇంట కూడా బానిసలుండేవారు. సత్యము చెప్పాలంటే ఇదీ చెప్పాలి. గ్రీన్స్‌బర్గ్‌లో జేన్‌కు దొరికినట్లు వారికి ఒప్పుకోవడానికో కాదనడానికో అవకాశము దొరికిందా? యజమాని మాటే చెల్లే చోట ఆ ప్రశ్నకు జవాబు ఊహించుకోవచ్చు. డాక్టరు తన వ్యాసాలలో జేన్ ఇంటిపేరు రాశారు గాని వారి పేర్లు రాయలేదు. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి వదిలివేయడము మన పత్రికలకు అలవాటు. మేము వదలలేదు. ఎందుకంటే ఆ ఆపరేషను ఒకసారి జరిగిన అద్భుతము కాదు, మళ్ళీ చేయగలిగిన చికిత్స అని లోకానికి రుజువైనది ఆ నలుగురి శరీరాల మీదనే.

లోకము వెంటనే నమ్మలేదు. ఆయన తన వ్యాసమును ఎడిన్‌బరోలోని గురువు జాన్ బెల్‌కు పంపారు. బెల్ అప్పటికి అనారోగ్యముతో ఇటలీలో ఉన్నారు, దానిని చూడకుండానే 1820లో మరణించారు. కాగితాలు జాన్ లైజర్స్ అనే ఆయన చేతికి వెళ్ళాయి. లైజర్స్ తాను కూడా ఈ ఆపరేషను చేయబోయి 1823లో ఒక స్త్రీ కడుపు కోశారు. లోపల గడ్డే లేదు. అది వట్టి కొవ్వు! ఆమె అదృష్టవశాత్తు బ్రతికింది. చేతితో తడిమి నిర్ణయించడము తప్ప వేరే దారి లేని కాలములో మెక్‌డోవెల్ ఎంత సరిగా పోల్చుకున్నారో దీనిని బట్టి తెలుస్తుంది. స్కానింగు కాగితము చేతిలో పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళే మనకు ఆ కష్టము తెలియదు.

లండనులో జేమ్స్ జాన్సన్ అనే వైద్య పత్రిక సంపాదకుడు ఈ వార్తను ఎగతాళి చేశాడు. అమెరికా అడవుల్లోని ఒక మూల ఊరు యూరపు రాజధానులను మించిపోవడమా అన్నది ఆయన ధోరణి. రోగులలో ఎక్కువమంది నల్లజాతివారని తెలిసినప్పుడు, వారికి కోత నొప్పి పెద్దగా తగలదనే అర్థము వచ్చేట్లు చాలా హీనముగా రాశాడు. అయినా రుజువులు కూడుతూ ఉంటే చివరకు తన అనుమానానికి దేవుని క్షమాపణ, డాక్టర్ మెక్‌డోవెల్ క్షమాపణ అడుగుతూ అచ్చు వేశాడు. ఆ నలుగురు స్త్రీలను మాత్రము ఎవరూ క్షమాపణ అడగలేదు.

మెక్‌డోవెల్ ఇతర ఆపరేషనులకు కూడా పేరు పొందారు. ముఖ్యముగా మూత్రాశయములో రాళ్ళు తీయడము. 1812లో టెన్నెసీ నుండి ఒక బక్కపలుచని కుర్రవాడిని ఆయన దగ్గరకు తెచ్చారు. రాయి తీసి బాగుచేసి పంపారు. ఆ కుర్రవాడు జేమ్స్ పోక్, 1845లో అమెరికా పదకొండవ అధ్యక్షుడయ్యాడు. 1819లో డాన్‌విల్‌లో సెంటర్ కాలేజీ స్థాపించినప్పుడు డాక్టరు దాని ధర్మకర్తలలో ఒకరు.

ఆయన తరువాత కథ వేగముగా నడిచింది. 1842లో ఇంగ్లండులోని మాంచెస్టరులో చార్లెస్ క్లే ఈ ఆపరేషను చేయడము మొదలు పెట్టారు. 1846లో ఈథరు మత్తు వచ్చింది. 1867లో లిస్టరు క్రిములను చంపే పద్ధతి ప్రకటించారు. 1880 నాటికి లండనులో స్పెన్సర్ వెల్స్ ఒక్కరే వెయ్యి ఆపరేషనులు పూర్తి చేశారు. కడుపు కోయవచ్చు, కోసినా మనిషి బ్రతుకుతాడు అనే నమ్మకము అండాశయపు గడ్డలతోనే డాక్టర్లకు కలిగింది. అపెండిక్సు, పిత్తాశయము, ప్రేగుల ఆపరేషనులు ఆ దారినే వచ్చాయి.

ఆ దారి ఆయనకు మాత్రము అందలేదు. 1830 జూను నెలలో డాక్టరుకు హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, జ్వరము పట్టుకున్నాయి. జూను 25న మరణించారు. వయసు 58. ఆ లక్షణాలను బట్టి అది అపెండిక్సు పగలడమే అయి ఉంటుందని నేటి వైద్యుల ఊహ. ఇతరుల కడుపు తెరిచి బ్రతికించిన మనిషికి కడుపు తెరిచేవారు ఆ రోజు కెంటకీలో లేరు. నూట యాభై సంవత్సరాల తరువాత, 1980లో, జర్మనీలోని కీల్ పట్టణములో కుర్ట్ సెమ్ అనే డాక్టరు లాప్రోస్కోపీ ద్వారా అపెండిక్సును మొదటిసారి తీశారు. ఆ సెమ్ కూడా స్త్రీల వైద్యుడే. ఆయన దేశములోని శస్త్రవైద్యులు కొందరు ఆయనను కూడా తప్పు పట్టారు.

మెక్‌డోవెల్ దేహమును మొదట మామగారి ఇంటి శ్మశానములో పాతిపెట్టారు. 1879లో ఆయననూ భార్య శారానూ డాన్‌విల్‌కు తెచ్చి పట్టణము మధ్య స్మారక స్తంభము నిలిపారు. 1929లో వాషింగ్టనులోని పార్లమెంటు భవనములో కెంటకీ రాష్ట్రము తరపున ఆయన విగ్రహము పెట్టారు. ఆపరేషను జరిగిన ఇంటిని బాగుచేసి 1939 నుండి ప్రజలకు చూపిస్తున్నారు. 1959లో ఆయన పేర నాలుగు సెంట్ల తపాలా బిళ్ళ వచ్చింది.

జేన్ క్రాఫోర్డ్ కుటుంబము తరువాత ఇండియానా రాష్ట్రానికి వలస వెళ్ళింది. ఆ గడ్డ మళ్ళీ రాలేదు. తన డాక్టరు చనిపోయిన తరువాత ఇంకా పన్నెండేళ్ళు జీవించి, 1842లో డెబ్భై ఎనిమిదవ ఏట కుమారుని ఇంట కన్నుమూసింది.